మా కారునకు పడిన సొట్ట



మేమిద్దరము తోడికోడండ్రము. ఒక్క పొయ్యిమీద వండుకొని, ఒక్క కారును పంచుకొని నడుపుకొనువారము. ఈ వ్యాసమును ఇద్దరమును కలిసి వ్రాయుచున్నాము గావున ఇందెచ్చటను 'నేను' అను మాట మీకు కానరాదు. ఇందులకు వేరొక కారణమును గలదు. ఆ దినమున స్టీరింగు మాలో ఎవరి చేతనుండెనో ఎవ్వరికిని చెప్పరాదని మేము ఒట్టు పెట్టుకొంటిమి. ఇంటివారు పలువిధముల అడిగిరి, చెప్పలేదు. మీకును చెప్పము. మన్నింపుడు.

మా నివాసము విజయవాడలో పటమట. మామగారు స్వర్గస్థులై చాలకాలమైనది. మా భర్తలలో పెద్దవారు హైదరాబాదులో కొలువు చేయుచు వారమునకొకమారు వత్తురు. చిన్నవారిది ఊరూర తిరుగు ఉద్యోగము. 2019 జనవరిలో కారు కొన్నప్పుడు ఇంట నడుపువారు లేక అది దుమ్ము పట్టి పడియుండెను. మేము నేర్చుకొందుమనగా అత్తగారు మొదట ససేమిరా యనిరి. "మీ కాళ్ళు చేతులు విరగ్గొట్టుకుంటారు, లేకపోతే ఇంకొకళ్ళవి విరగ్గొడతారు" అనుట ఆమె వాదము. ఆరునెలలు బతిమాలి, లైసెన్సులు తెచ్చి చూపి, తుదకు ఒప్పించితిమి. ఒప్పుకొనుచు ఆమె యనిన మాట ఇది: "బండికి ఒక్క గీత పడ్డదంటే తాళాలు నా కొంగున ఉంటాయి." ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. మేము మాత్రము దీనిని ఒక్కనాడును మరువలేదు. తరువాతి తెలివితక్కువ పనులన్నిటికిని ఇదియే మూలము.

2024వ సంవత్సరము కార్తికమాసము, మూడవ సోమవారము. ఉపవాసముంటిమి. చుక్క పొడిచిన పిదప భోజనము గావున సాయంకాలము నాలుగున్నరకు కందయు, అరటికాయలును, ఉసిరికాయలును కొనుటకై రైతుబజారునకు పోతిమి. సంచులు నింపుకొని వచ్చి, ఇరుకైన సందులోనుండి కారును వెనుకకు తీయుచుండగా ధనామని చప్పుడైనది. కడుపులో నేమియు లేకపోవుటచే కాబోలు, ఆ చప్పుడు మా కడుపులోనే అయినట్లు తోచినది.

దిగి చూచితిమి. టీ దుకాణము ముందు నిలిపియున్న ఆటోను మా కారు వెనుకభాగము గ్రుద్దినది. ఆటో దీపము బ్రద్దలైనది. ముందుచక్రము మీది మడ్‌గార్డు లోపలికి వంగినది. మా కారు బంపరు ఒక మూల చీలినది. డిక్కీ తలుపునకు, ఇత్తడి చెంబు రాతిమీద పడినప్పుడు పడునట్టి సొట్ట పడినది. క్షణములో జనము మూగిరి. "ఆడవాళ్ళకు కార్లెందుకండీ" అని ఒకరు. "ఇన్సూరెన్సు ఉంటుంది కదమ్మా, అందులో పెట్టేసుకోండి" అని యింకొకరు. "పదివేలిచ్చి పొండి, లేకపోతే కదలనివ్వం" అని ఆటోతో ఏ సంబంధమును లేని మూడవవారు. ఆటో నడుపునతడు మాత్రము టీ గ్లాసు చేతబట్టుకొనియే వచ్చెను. ఏబదియేండ్ల వాడు. కేకలు వేయలేదు. దీపమువంక చూచి, "ఇవాళ్టికి బండి పోయిందమ్మా" అనెను. అంతే.

ఆటో వెనుకసీటులో బడిదుస్తులలో తొమ్మిది పదియేండ్ల పిల్ల ఒకతె, ఒడిలో పుస్తకాల సంచి పెట్టుకొని కూర్చుండియుండెను. అతని కూతురు. బడి విడిచినంతనే ఇంటికి తీసికొనిపోవుచు నడుమ టీ త్రాగుటకై ఆగినాడట. మేము నిలుచున్నచోటి నుండియే, "పాపా, దెబ్బేమైనా తగిలిందా?" అని అడిగితిమి. ఆ పిల్ల లేదన్నట్లు తల యూపినది. ఆ తలయూపుతో మాకు పాప సంగతి ముగిసినది. తరువాత మేము వంగి బంపరును చూచితిమి, కూర్చుండి మడ్‌గార్డును చూచితిమి, ఫోనులో అన్నిటికిని బొమ్మలు తీసితిమి.

బీమావారిని పిలువరాదని మేము అక్కడికక్కడే నిశ్చయించుకొంటిమి. కారణములు రెండు. క్లెయిము చేసినచో పాలసీలో వచ్చు తగ్గింపు పోవునని చూచాయగా వినియుంటిమి. ఇది పైకి చెప్పదగిన కారణము. పాలసీ పెద్దవారి పేరిట నున్నది, క్లెయిము పెట్టినచో ఫోను వారికి పోవును, వారినుండి అత్తగారికి పోవును, తాళములు కొంగునకు పోవును. ఇది అసలు కారణము. అసలు కారణము తగుమాత్రము గౌరవముగా లేనప్పుడు పైకి చెప్పదగినది దొరకుట గొప్ప సదుపాయము.

సొమ్ము ఉండెను. మా వీధిలోని స్త్రీలము నడుపుకొను చీటీలో ఆశ్వయుజమాసమున మా వంతు పాడుకొనగా వచ్చిన రూ. 20,000 బియ్యపుడబ్బాలో దాచియుంటిమి. వేసవిలో అత్తగారిని కాశికి తీసికొనిపోవలెనని మా ఊహ. అదియు ఆమెకు తెలియదు. ఆమెకు తెలియకుండ ఆమెకై దాచిన సొమ్మును, ఆమెకు తెలియకుండ ఖర్చు చేయుటకు సిద్ధపడితిమి.

పటమటకు ఆనుకొనియే ఆటోనగరమున్నది. లారీ ఛాసీని తెచ్చియిచ్చినచో పూర్తి బండిని కట్టి పంపు నేర్పరులు అచ్చట గలరు. ఒక మడ్‌గార్డు వారికొక లెక్క కాదు. ఆటో నడుపునతని వెంట పోయి, దీపమునకును, మడ్‌గార్డు సరిచేసి రంగు వేయుటకును రూ. 3,800 మెకానిక్కు చేతికే యిచ్చితిమి. పని రెండు దినములు పట్టుననెను. రెండు దినముల రాబడి మాటేమని మేమే అడుగగా అతడు కొంతసేపు ఊరకుండి, "రోజుకు ఎనిమిదివందలు మిగులుతుందమ్మా" అనెను. ఆ రూ. 1,600లు కూడ ఇచ్చితిమి. దీపము వెల ఎవరైనను కట్టుదురుగాని కూలి పోయిన దినమును ఎవరును లెక్కించరు. ఈ ఒక్క సంగతిలో మేము సరిగా నడుచుకొంటిమని నేటికిని తలంచుచున్నాము. ఫోను నంబర్లు ఇచ్చి పుచ్చుకొంటిమి. కాగితము మాత్రము వ్రాసికొనలేదు.

మా కారునకు కంపెనీ వర్కుషాపు వారు ఫోనులో బొమ్మలు చూచి రూ. 15,000 అంచనా చెప్పిరి. ఆటోనగరములో ఒక పెద్దమనిషి, చీలిన బంపరును వేడితో అతికి, సొట్టను లోపలినుండి పైకి నెట్టి, రంగు వేయుటకు రూ. 7,000 అడిగెను. బండిని అతనికి వదలి, ఆటోలో ఇంటికి పోయి, సర్వీసింగునకిచ్చితిమని అత్తగారితో చెప్పితిమి. ఆమె చుక్కను చూచి, దీపము పెట్టి, మాకు వడ్డించి, ఇంకేమియు అడుగలేదు.

ఆ రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట పాలసీ కాగితములు ముందేసికొని లెక్క వేసితిమి. లెక్కయన్న విసుగు గలవారు ఈ భాగమును దాటిపోవచ్చునుగాని, పోవద్దని మా మనవి. ఇంటి ఖర్చుల చిట్టా వ్రాయువారము మనమే గదా.

మోటారు బీమాలో రెండు భాగములు. ఒకటి మన బండివలన ఇతరులకు కలుగు హానికి. దీనినే థర్డుపార్టీ యందురు. చట్టరీత్యా ఇది లేనిదే బండి రోడ్డెక్కరాదు. రెండవది మన బండికే కలుగు నష్టమునకు. ఏడాది పొడుగున ఈ రెండవ భాగముక్రింద ఏమియు అడుగనిచో, మరుసటి యేట ఆ భాగపు ప్రీమియములో నూటికి 20 తగ్గింతురు. వరుసగా రెండేండ్లయినచో 25, మూడేండ్లకు 35, నాలుగేండ్లకు 45, అయిదేండ్లకు 50. అంతటితో సరి. దీనికి నో క్లెయిము బోనసని పేరు. ఒక్కమారు సొమ్ము అడిగి పుచ్చుకొంటిమా, వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడినట్లు మరల అడుగుగడికి జారుదుము. బోనసును కాపాడు అదనపు రక్షణ యొకటి వేరుగా కొనుక్కొనవచ్చును. మా పాలసీలో అది లేదు.

మేము 2019 నుండి ఏమియు అడుగలేదు గావున 50 వంతుల మెట్టుమీద నుంటిమి. మా బండికి ఈ భాగపు మూల ప్రీమియము రూ. 12,000, మేము కట్టునది రూ. 6,000. ఇప్పుడు క్లెయిము చేసినచో రాబోవు యేడు పూర్తిగా పన్నెండువేలు కట్టవలెను, అనగా రూ. 6,000 అదనము. ఆపై యేడు 20 వంతులే తగ్గును గనుక రూ. 3,600 అదనము. తరువాత రూ. 3,000, తరువాత రూ. 1,800, తరువాత రూ. 600. అయిదేండ్లకు మొత్తము రూ. 15,000. బండి వయస్సుతో దాని విలువయు, దానితో ప్రీమియమును తగ్గుచుండును గనుక నిజమైన అంకె కొంత చిన్నది. పన్ను కలిపినచో కొంత పెద్దది. ఇంకొక సంగతి. ఈ తగ్గింపు బండిని అంటియుండదు, యజమానిని అంటియుండును. పాతబండి నమ్మి క్రొత్తది కొన్నను దానిని వెంట తీసికొనిపోవచ్చును. పాలసీ గడువు దాటి 90 దినములలో మరల కట్టకున్న మాత్రము అదియు పోవును.

ఇక క్లెయిము చేసినచో చేతికి వచ్చునదెంత? వర్కుషాపు వారి పదునైదువేలలో క్రొత్త బంపరు రూ. 5,000, సొట్ట తీయు కూలి రూ. 2,500, విప్పి బిగించుటకు రూ. 1,500, రంగునకు రూ. 6,000. ప్లాస్టికు, రబ్బరు వస్తువులకు తరుగుదల క్రింద సగము కోయుదురు, బంపరులో రూ. 2,500 పోయినది. రంగు ఖర్చులో నాలుగవవంతును సరకు వెలగా నెంచి, అందులో సగము కోయుదురు, రూ. 750 పోయినది. ఇంజను 1500 సీసీకి మించని కారునకు ప్రతి క్లెయిములోను మొదటి రూ. 1,000 యజమానియే భరింపవలెను, అదియు పోయినది. మిగిలినది రూ. 10,750. తరుగుదల కోతలేని పాలసీ కొన్నవారికి ఇంకొంత వచ్చును. మాకు వచ్చునది పదివేల యేడువందల ఏబది, పోవునది పదునైదువేలకు చేరువ. ఆటోనగరములో అయ్యెడి ఖర్చు ఏడువేలు. సొంతసొమ్ము పెట్టుటయే మేలని మూడవ తరగతి పిల్లవాడును చెప్పగలడు.

ఇంతమాత్రమున బీమాయే దండుగయని యెవరును తలపరాదు. ఆ యేడు సెప్టెంబరులోనే బుడమేరు పొంగి సింగునగరు ప్రాంతమంతయు నీట మునిగినది. కార్లు పైకప్పు దాక మునిగి దినములకొలది ఆ నీటిలోనే నిలిచినవి. అట్టివేళ ఇంజను బాగుచేయుటకు లక్షలు కావలెను. బీమా అట్టి దినమునకు, చెంబుసొట్టకు కాదు. ఇది అప్పుడును మా అభిప్రాయము, ఇప్పుడును మా అభిప్రాయము.

లెక్క ముగించి, కాగితములు మడిచి, మేమెంత గడుసువారమోయని ఒకరి మొగమొకరు చూచుకొని నవ్వుకొంటిమి.

బుధవారము ప్రొద్దున ఆరుగంటలకు ఫోను మ్రోగినది. ఆటో నడుపునతడు. "అమ్మా, పాప చెయ్యి వాచిందమ్మా. నిన్న నొప్పంటే బామ్ రాశాం. రాత్రంతా ఏడ్చింది. డబ్బుకోసం చేయలేదమ్మా, ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక చేశాను."

గ్రుద్దినప్పుడు ఆ పిల్ల ముందునకు తూలి, డ్రైవరుసీటు వెనుకనున్న ఇనుపకడ్డీకి ముంజేయి కొట్టుకొన్నదట. మేమడిగినప్పుడు లేదని తల యూపినది. ఏల యూపదు? తండ్రి బండి విరిగినది, చుట్టును ఇరువదిమంది కేకలు వేయుచున్నారు, ఎవరో ఇద్దరు ఆడవాండ్రు దూరమునుండి అడుగుచున్నారు.

కూరగాయల బేరమని అత్తగారితో చెప్పి పోయి, పిల్లను ఎముకల డాక్టరు వద్దకు తీసికొనిపోతిమి. మణికట్టు పైన గుమ్మడిపిందె వలె ఉబ్బియుండెను. ఎక్స్‌రేకు పంపి కూర్చుండబెట్టిరి. ఆ ముప్పావు గంట మా జీవితములో మిక్కిలి పొడవైన కాలములలో ఒకటి. తండ్రి గోడకానుకొని నిలుచుండెను. కుర్చీ చూపినను కూర్చుండలేదు. పిల్ల మా పర్సుకు వ్రేలాడు చిలుకబొమ్మను ఎడమచేతితో త్రిప్పుచుండెను. ఆమె వ్రాయు చేయి కుడిచేయి. దెబ్బ తగిలినదియు అదే.

అప్పుడు మాకు బాబాయిగారు జ్ఞాపకము వచ్చిరి. అత్తగారి తమ్ముడు, ముప్పదియేండ్లు మోటారు ప్రమాదములకు సర్వేయరుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నారు. బయటికి పోయి ఫోను చేసితిమి. లెక్కను విని, "లెక్క బాగానే ఉందమ్మాయిలూ" అనిరి. పిల్ల సంగతి విని కొంతసేపు పలుకలేదు. పిమ్మట ఆయన మమ్ము తిట్టిన తిట్లు ఇచ్చట వ్రాయము. చెప్పిన సంగతులు వ్రాయుదుము.

1988 నాటి మోటారు వాహనముల చట్టములో 134వ సెక్షనున్నది. ప్రమాదములో మనిషికి గాయమైనను, ఇతరుల ఆస్తికి నష్టము కలిగినను బండి నడిపినవారికి కొన్ని విధులున్నవి. గాయపడినవారికి వైద్యము చేయించుట మొదటిది. ఆపై పోలీసులకు తెలుపుట. అక్కడ పోలీసులు లేకున్న 24 గంటలలోగా స్టేషనులో చెప్పుట. బీమా కంపెనీకి వ్రాతమూలముగా తెలుపుట. చిన్న గీతలకు ఎవరును స్టేషనుకు పోరు, అది లోకము నడుచు తీరు. కాని దేహమునకు దెబ్బ తగిలినప్పుడు ఆ తీరు పనికిరాదు. మరియు, కంపెనీవారి వ్రాతపూర్వకమైన సమ్మతి లేక ఎదుటివారియెదుట బాధ్యత నొప్పుకొనుట, సొమ్మిచ్చెదమని మాటయిచ్చుట, ఇచ్చుట కూడదని పాలసీ షరతులలోనే యున్నదట. ఆ షరతుల పుస్తకము మా బీరువాలో అయిదేండ్లుగా ఉన్నది, చీరల క్రింద.

"ఇనుముకు డబ్బిస్తే తీరిపోతుంది. ఎముకకు తీరదు" అని బాబాయిగారనిరి. ఒకవేళ ఆ ఎముక విరిగి వంకరగా అతుకుకొన్నచో, మేమిచ్చిన అయిదువేల నాలుగువందలతో ఆ పిల్ల హక్కు తీరిపోదు. న్యాయముగా ఆమెకు పరిహారము రావలెను. అట్టి దేహహానికి సంబంధించి కంపెనీ బాధ్యతకు ఇంతయను హద్దు లేదు. ఆస్తినష్టమునకు మాత్రము ఏడున్నర లక్షల హద్దు ఉన్నది. బండ్లవారందరును ఈ థర్డుపార్టీ బీమా చేయవలెనను నిర్బంధము మనదేశమున 1946 జూలై 1 నుండియే యున్నది. గ్రుద్దినవాని చేతిలో సొమ్మున్నను లేకున్నను గ్రుద్దబడినవారికి దిక్కుండవలెనని దానిని పెట్టిరి. "అది మీకోసం పెట్టింది కాదమ్మా, ఆ పిల్లకోసం పెట్టింది. మీరు దాచిపెడితే ఆ పిల్లది దాచిపెట్టినట్టు" అనిరి. చివరకు, "అక్కయ్యతో చెప్పారా?" అని అడిగిరి. లేదంటిమి. "ముందు ఆ పని చెయ్యండి" అని ఫోను పెట్టివేసిరి.

ఎముక విరుగలేదు. డాక్టరు బొమ్మను వెలుతురునకు పెట్టి చూపి, బెణుకేయనెను. కాని పెరుగు పిల్లల ఎముకల చివర మెత్తని భాగముండును. అచ్చట తగిలిన దెబ్బ ఒక్కొక్కప్పుడు మొదటి ఎక్స్‌రేలో కానరాదు. అందుచే కట్టు కట్టి, చేయిని మెడకు వ్రేలాడగట్టి, పదిదినముల పిదప మరల తీయింపుడని చెప్పెను. రూ. 1,900 అయినది. ఆ పదిదినములును మాకు కంటికి కునుకు లేదనుట అతిశయోక్తిగాని, ఉన్న కునుకు మంచిది కాదు.

ఇంటికి పోవుసరికి అత్తగారు వసారాలో కూర్చుండి వత్తులు చేయుచుండిరి. చెరియొక ప్రక్కను కూర్చుండి సంగతంతయు చెప్పితిమి. చెప్పిన వరుస తలచుకొన్న నేటికిని సిగ్గగును. మొదట తగ్గింపు సంగతి చెప్పితిమి. తరువాత మెట్లు, తరువాత తరుగుదల, పదునైదువేలు, ఏడువేలు. మేము సొమ్ము ఎంత మిగిల్చితిమో తెలిసిన పిదప తక్కినది చెప్పుట సులభమని మా ఎత్తు. ఆమె వత్తి వెంట వత్తి చేయుచు వినిరి. పిల్ల చేయి సంగతి వచ్చునప్పటికి ప్రత్తి క్రింద పెట్టిరి.

"ఆ రోజు పిల్ల చెయ్యి పట్టుకుని చూసిందెవరు?"

"అడిగామత్తయ్యా. ఏమీ లేదంది."

"బంపరు దగ్గర వంగి చూశారా?"

"చూశాం."

"మరి పిల్ల దగ్గర వంగలేదేం?"

మావద్ద దీనికి ప్రత్యుత్తరము లేదు. ఇప్పుడును లేదు. మేము కఠినులము కాము, పిల్లల తల్లులము. మా పిల్ల బడిలో పడివచ్చినచో తలనుండి కాలివరకు తడిమి చూతుము. ఆ సాయంకాలము మాత్రము మా కన్నులకు సొట్టయు, దాని వెనుక అత్తగారి కొంగును, ఆ కొంగున తాళములును తప్ప వేరేమియు కనబడలేదు. గీత పడినను తాళములు పోవును, చేయి విరిగినను తాళములు పోవునని నియమమున్న యింట గీతనే దాచుట అలవడునని మా యిద్దరిలో ఒకరు అత్తగారితో అనగలిగిరి. ఎవరో చెప్పము. అత్తగారికి కోపము వచ్చినది. ఒక పూట మాటలాడలేదు.

మరునాడు బాబాయిగారు స్వయముగా వచ్చిరి. ఆయన వెంట స్టేషనుకు పోయి, ఆలస్యమునకు క్షమింపుడని, జరిగినది కాగితముపై వ్రాసియిచ్చితిమి. స్టేషనన్న మాకంటె ఆటో నడుపునతడే ఎక్కువ వెనుదీసెను. బాబాయిగారు భుజముమీద చేయివేసి తీసికొనిపోయిరి. తనకు ఫిర్యాదేమియు లేదని అతడును వ్రాసియిచ్చెను. బీమా కంపెనీకిని సంగతి తెలుపుచు ఉత్తరము పంపితిమి. మా బండికి సొమ్ము అడుగలేదు. తెలుపుట వేరు, అడుగుట వేరు. ఈ భేదము ముందే తెలిసియుండినచో మేము సగము భయపడకపోదుము. శనివారము హైదరాబాదునుండి పెద్దవారు వచ్చి విని, మొదట అడిగిన ప్రశ్న, "నడిపిందెవరు?"

పదవనాడు మరల ఎక్స్‌రే తీసిరి. ఎముకయందు ఏ లోపమును లేదు. ఆ దినమున అత్తగారు మాతో వచ్చి, పిల్ల చేతిని తన చేతిలోనికి తీసికొని, ఒక్కొక్క వ్రేలును మడిచి, చాచి, డాక్టరు చూచినదానికంటె ఎక్కువసేపు చూచిరి.

2025 జనవరిలో పాలసీ తిరుగ వ్రాయించితిమి. దరఖాస్తులో గడచిన యేట క్లెయిము చేసితిరాయను ప్రశ్నకు లేదని వ్రాసి, 50 వంతుల తగ్గింపు పొందితిమి. ఇది అబద్ధము కాదా యని మాకొక సందేహము కలిగినది. ప్రమాదము జరిగిన మాట నిజమే గదా. బాబాయిగారు నవ్విరి. ప్రశ్న క్లెయిమును గురించియేగాని ప్రమాదమును గురించి కాదు. నిజముగా క్లెయిము చేసి చేయలేదని వ్రాయువారును కలరట. కంపెనీలు తమ వివరములను హైదరాబాదులోని ఇన్సూరెన్సు ఇన్ఫర్మేషను బ్యూరోకు పంపుచుండును గావున అది బయటపడును. పడినచో సొంతబండి నష్టమునకు వచ్చు రక్షణయే పోవును. "ఆ తగ్గింపు జాగ్రత్తగా నడిపినవాళ్ళకు కాదు, అడగనివాళ్ళకు" అని ఆయన చెప్పినప్పుడు, అయిదేండ్లుగా ఆ తగ్గింపును చూచుకొని మేమెంత నేర్పుగా నడుపుచున్నామోయని పొంగిపోయిన సంగతి జ్ఞాపకము వచ్చి ఊరకుంటిమి.

బియ్యపుడబ్బాలో రూ. 5,700 మిగిలినవి. కాశీయాత్ర ఆ వేసవికి తప్పిపోయినది. మా కారు డిక్కీకి వేసిన రంగు నీడలో చక్కగా కలిసిపోవును. ఎండలో మాత్రము చేయివెడల్పు మేర వేరుగా మెరయును.

తాళములు మావద్దనే యున్నవి. ఏ దినమునను అత్తగారు వానిని అడుగలేదు. కాని మా కారును ఆమె యెక్కరు. కనకదుర్గమ్మ గుడికి పోవలసినప్పుడు ఆ ఆటో నడుపునతనికే ఫోను చేయుదురు. బడి లేని దినమైనచో ఆ పిల్లయు వెనుకసీటులో నుండును. అత్తగారు ఎక్కినంతనే మొదట ఆ ఇనుపకడ్డీకి తన చీరపాతను చుట్టి కట్టిన మెత్త సరిగా నున్నదో లేదోయని నొక్కి చూచుకొందురు. పిదప ఇరువది రూపాయలకు బేరమాడుదురు.